బద్ధకం కూడా దెయ్యమేనా? ‘పట్టింది’ అనే మాట మీద చర్చ

లంకకొబ్బరి (అమలాపురం): మనం దెయ్యం పట్టింది అంటాం, శని పట్టింది అంటాం, బద్ధకం పట్టింది అని కూడా అంటాం, మాట ఒకటే చూడండి. ఆకలి మాత్రం పట్టదండి, వేస్తుంది. కోపం వస్తుంది. అంటే బయట నుంచొచ్చి మీద కూర్చునేవి వేరు, మనలో పుట్టేవి వేరు అని పెద్దోళ్ళు ఎప్పుడో విడగొట్టేశారని నా వాదన. పొద్దెక్కినా లేవకపోతే మా నాయనమ్మ చీపురుతో మంచం కోడు మీద మూడు దెబ్బలేసి ‘పో పెద్దమ్మా పో’ అనేది, లక్ష్మీదేవి అక్కగారన్నమాట, నన్ను మాత్రం ఒక్క మాట అనేది కాదు.

చేనుగట్టు (భీమవరం): తుప్పు పడుతుంది, నాచు పడుతుంది, చెమట పడుతుంది. అవీ దెయ్యాలేనాండి?

లంకకొబ్బరి: తుప్పు, నాచు బయట నుంచి వచ్చేవేగా. చెమట దగ్గర మాత్రం మీదే గెలుపు, ఒప్పుకుంటున్నా.

బోదెనీళ్ళు (రాజోలు): నా ఓటు లంకకొబ్బరి గారికే. మా తాత రాత్రి చేలోకి నీళ్ళు పెట్టడానికెళ్ళి, దూరంగా నిప్పు కనపడితే చుట్ట ముట్టించుకుందామని నడిచాడంట, ఎంత నడిచినా అది అంతే దూరం, చివరికి బోదెలో మోకాలి లోతు బురదలో తేలాడు. కొరివి దెయ్యం అన్నారు ఊళ్ళో. నేనైతే అది ఆశ అంటాను.

చేనుగట్టు: అది మీథేన్ అండి, మండే వాయువు. నీళ్ళు నిలిచిన వరిచేలో పుడుతుంది. 1776లో వోల్టా అనే శాస్త్రవేత్త ఇటలీలో మజ్జోరే సరస్సు బురద కెలికి ఆ బుడగలే పట్టాడు.

బోదెనీళ్ళు: పట్టి, ఆయన వెలిగించాడు కదండి, దానంతటది అంటుకోలేదు. మరి చేలో ఎవరు వెలిగించారు?

చేనుగట్టు: సరే, ఆ సంగతి వదిలేయండి. ఆశ ‘పుడుతుంది’ అంటాం, పట్టింది అనం, మీ లెక్క ప్రకారమే అది దెయ్యం కాదు. నాకు అసలు బాధ వేరే ఉంది. నేను పిల్లలకి లెక్కలు చెప్తాను, హోంవర్క్ ఏదిరా అంటే ‘బద్ధకం పట్టిందండి’ అంటాడు, తప్పంతా దెయ్యం మీదకి నెట్టేసి వాడు హాయిగా కూర్చుంటాడు. ఇదేం పద్ధతి?

లంకకొబ్బరి: ఆయ్, అలా కూర్చోనిచ్చేవారు కాదండి. సోమరిపోతు అంటే వాడికి అది పేరైపోతుంది, పట్టింది అంటే వదిలించుకునే పని వాడి మీద పడుతుంది. మంచం కోడు మీద మూడు దెబ్బలు వేశాక నాయనమ్మ ఆ చీపురు నా చేతికే ఇచ్చేది. వాకిలి మొత్తం నేనే ఊడ్చాలి, ఆ తర్వాతే కాఫీ.