అన్ని మతాలూ ఒకటేనా, నిజమైన దారి ఒక్కటేనా? గ్రంథాలు ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం

మూలాపేట:
మొహర్రం, దాంతో పాటు మన రొట్టెల పండగ దగ్గరపడితే చాలు, మన నెల్లూరు గ్రూపులన్నిట్లో ఒకటే మాట. "స్వర్ణాల చెరువు చూడండి, బారాషహీద్ దర్గా చూడండి, అన్ని మతాలూ ఒకటే." దాని కింద ఒకాయన యోహాను 14:6 ("నా ద్వారా తప్ప ఎవరూ తండ్రి దగ్గరికి రారు") పెడతాడు, ఇంకొకాయన గీత 4.11 పెడతాడు, మూడో ఆయన తిట్టు పెడతాడు. అక్కడితో సరి.

ఈసారి పద్ధతిగా చేద్దాం. ఏ గ్రంథం నుంచి చెప్పినా అధ్యాయం, వచనం ఇవ్వండి, దానికి ముందూ వెనకా ఏముందో చదివి ఇవ్వండి. ఎదుటి మతం గురించి రాస్తే ఆ మతస్థుడు "అవును, మేం నమ్మేది ఇదే" అనేట్టు ఉండాలి. స్టాక్‌హోమ్ బిషప్ క్రిస్టర్ స్టెండాల్ 1985లో చెప్పిన మూడు సూత్రాల్లో మొదటిది, ఒక మతం గురించి దాన్ని నమ్మేవాళ్లనే అడగాలి, దాని శత్రువుల్ని కాదు. రెండోది, మనలోని మంచిని తీసుకుని వాళ్లలోని చెడుతో పోల్చకూడదు. మూడోది, వాళ్ల దగ్గర మెచ్చుకోదగ్గది కనపడితే మెచ్చుకునే చోటు మనసులో ఉంచుకోవాలి.

నా లెక్కలో గొడవంతా మూడు ప్రశ్నల్ని ఒకటే అనుకోవడం వల్ల వస్తోంది. మతం చెప్పేది నిజమా? నమ్మనోడి గతి ఏంది? ఆచరిస్తే మనిషికి మేలు జరుగుతుందా? ఒకదానికి జవాబు చెప్పి మూడిటికీ చెప్పేశామనుకుంటున్నాం.

రంగనాయకులపేట:
అన్నా, మన ఊరి నుంచే మొదలుపెడదాం. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన భారతాన్ని అంకితమిచ్చింది ఒట్టి శివుడికి కాదు, ఒట్టి విష్ణువుకి కాదు, హరిహరనాథుడికి. శైవులూ వైష్ణవులూ ఒకరి గుడి ఒకరు తొక్కని కాలంలో చేసిన పని అది. ఋగ్వేదం 1.164.46 "ఏకం సత్" అంది, ఉన్నది ఒకటే, విప్రులు దాన్నే పలు పేర్లతో పిలుస్తారని. గీత 4.11 ఎవరు ఎట్లా ఆశ్రయిస్తే వాళ్లని అట్లానే అనుగ్రహిస్తానంది. ఈ సూత్రాన్ని ఇంకాస్త పొడిగిస్తే అల్లా, యెహోవా కూడా ఇందులోకే వస్తారు. గొడవేముంది?

చందవరం:
పొడిగించేది ఎవరు సార్? లోపలికి వచ్చేవాళ్లని ఎవరైనా అడిగారా? 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అయిదోది చూడండి. బుద్ధుడు విష్ణువు అవతారం అనే మాటని నమ్మను, అది తప్పుడు ప్రచారం అని. "నువ్వూ మాలోవాడివే" అనడం బయటికి గౌరవంగానే కనిపిస్తుంది. నీ మాట నువ్వు చెప్పుకోనక్కర్లేదు, నీ అర్థం కూడా మేమే చెప్తాం అనడం అందులో కలిసే ఉంది.

బౌద్ధం గురించి కూడా ఒక అపోహ తిరుగుతోంది. కాలామ సుత్తం (కాలాములనే జనానికి బుద్ధుడు చేసిన బోధ) పేరు చెప్పి "బుద్ధుడు ఏ దారైనా సరే అన్నాడు" అంటారు. ఆ సుత్తం అన్నది వేరు. విన్నామనో, పరంపర అనో, గురువు చెప్పాడనో ఒప్పుకోకండి, లోభం, ద్వేషం, మోహం పెంచేది ఏదో మీరే చూసి వదిలేయండి అంది. అది పరీక్షించే పద్ధతి. అన్నిటికీ పాస్ మార్కులు వేసినట్టు కాదు. ధమ్మపదం 273, 274 గాథలు చదవండి. మార్గాల్లో అష్టాంగ మార్గం శ్రేష్ఠం, దర్శన శుద్ధికి ఇదొక్కటే దారి, వేరేది లేదు అని ఉంది. కుశినారలో తన చివరి రాత్రి బుద్ధుడు సుభద్దుడనే సన్యాసికి చెప్పింది కూడా అదే, అష్టాంగ మార్గం లేని బోధలో నిజమైన శ్రమణుడు ఉండడని.

గుడ్డివాళ్లూ ఏనుగూ కథ కూడా అంతే. ఉదానం అనే బౌద్ధ గ్రంథం 6.4లో ఆ కథ వచ్చేది సావత్థిలో పరస్పరం కొట్లాడుకుంటున్న పరివ్రాజకుల (తిరుగాడే సన్యాసుల) గురించి. వాళ్లంతా తలా కొంచెం కరెక్టే అని బుద్ధుడు అన్లేదు, చూపు లేదన్నాడు. ఏనుగుని మొత్తంగా చూసే రాజు ఒకడు ఆ కథలో ఉన్నాడు, ఆయన్ని మర్చిపోయి కథ చెప్తారు.

గుండ్లకమ్మ:
బాగా చెప్పారు బ్రదర్. రంగనాయకులపేట గారూ, 4.11 దగ్గర ఆగకుండా తొమ్మిదో అధ్యాయం తీయండి. 9.23లో అన్య దేవతల భక్తులు కూడా నన్నే పూజిస్తున్నారు, కానీ "అవిధిపూర్వకం" అని ఉంది. 9.25లో దేవతల్ని కొలిచేవాళ్లు దేవతల దగ్గరికి, పితరుల్ని కొలిచేవాళ్లు పితరుల దగ్గరికి, నన్ను కొలిచేవాళ్లు నా దగ్గరికి అని ఉంది. చేరే చోట్లు వేరు వేరని గీతే చెప్తోంది కదండీ.

మేమైతే దాపరికం లేకుండా చెప్తాం. యోహాను 14:6, అపొస్తలుల కార్యములు 4:12, రక్షణ మరి ఎవరి వల్లా లేదు. అయితే మా గ్రంథం తనని తాను పరీక్షకి కూడా పెట్టుకుంది. 1 కొరింథీయులకు 15:14 చదవండి. క్రీస్తు లేపబడకపోతే మా ప్రకటన వ్యర్థం, మీ విశ్వాసం వ్యర్థం అని పౌలే రాశాడు. అంటే ఇది జరిగిన సంగతి అని చెప్తున్నాం, జరిగిందా లేదా అని అడగొచ్చు. ఖురాన్ 4:157 యేసుని శిలువ వెయ్యలేదంటుంది. హెబ్రీయులకు 9:27 ఒక్కసారే మృతి, తర్వాత తీర్పు అంటుంది, మీరు పునర్జన్మ అంటారు. వీటిలో రెండూ నిజం కావడం ఎట్లా?

కోటమిట్ట:
సలాం అందరికీ. గుండ్లకమ్మ బ్రదర్ చెప్పినట్టే, అన్నీ ఒకటే అనే మాట మేమూ అనం. ఖురాన్ 3:19, 3:85 స్పష్టంగా ఉన్నాయి, ఇస్లాం తప్ప వేరే ధర్మం కోరుకుంటే అది స్వీకరించబడదు. కానీ అదే గ్రంథంలో 2:62 ఉంది. విశ్వాసులు, యూదులు, క్రైస్తవులు, సాబియన్లలో ఎవరు దేవుణ్ణీ అంతిమ దినాన్నీ నమ్మి మంచి చేస్తారో వాళ్ల ప్రతిఫలం వాళ్లకి ఉంటుందని. ఇది ప్రవక్తకి ముందు కాలం వాళ్ల గురించి అని వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది, కాదు విశాలంగానే తీసుకోవాలని కొందరు. 5:48లో దేవుడు తలిస్తే అందర్నీ ఒకే సమాజంగా చేసేవాడు, మీరు మంచి పనుల్లో పోటీపడండి అని ఉంది.

మూలాపేట భాయ్ వేసిన రెండో ప్రశ్నకి ఇమాం గజాలీ (మరణం 1111) జవాబు చాలామందికి తెలీదు. ముస్లిమేతరుల్ని మూడు రకాలు చేశాడు. ప్రవక్త పేరే చెవిన పడనివాళ్లు, వాళ్లకి మన్నింపు ఉంది. దగ్గరుండి ఆయన గుణాలన్నీ తెలిసీ కాదన్నవాళ్లు, వాళ్లకి లేదు. మధ్యలో మూడో రకం, పేరు విన్నారు గానీ మోసగాడని చిన్నప్పటి నుంచి వక్రంగా విన్నవాళ్లు. వీళ్లని ఆయన మొదటి రకంతో కలిపాడు. సత్యం ఒక్కటే అంటూనే శిక్ష విషయంలో ఇంత చోటు వదిలాడు. నువ్వు తప్పు అనడం ఒకటి, నువ్వు నరకానికే అనడం ఇంకొకటి.

ఇక మన రొట్టెల పండగ. దాన్ని సాక్ష్యంగా తెచ్చేవాళ్లు అక్కడ జరిగేదేందో చూడాల. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి, ఆ కోరిక తీరినవాళ్ల చేతి నుంచి రొట్టె పట్టుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఉద్యోగ రొట్టె. కోరిక తీరితే మళ్లీ వచ్చి అదే రకం రొట్టె వేరేవాళ్లకి పంచుతారు. ఇచ్చేవాడు ఏ దేవుణ్ణి నమ్ముతాడని పట్టుకునేవాడు అడగడు. మోక్షం రొట్టె అనేది అక్కడ లేదు! అందుకే గొడవా లేదు. మా లోపల మాత్రం గొడవ ఉంది. ఔలియాల (పుణ్యపురుషుల) ద్వారా దుఆ (ప్రార్థన) చేసుకోవచ్చని బరేల్వీలు, సమాధి దగ్గర కోరికలు కోరడం షిర్క్ (దేవుడికి సాటి కల్పించడం) దాకా పోతుందని అహ్లె హదీస్ వాళ్లు, రెండూ మాలోని వర్గాలే. పైనుంచి చూసేవాళ్లకి అంతా మత సామరస్యం, లోపల ఇదీ సంగతి.

దర్శి:
నాస్తికుడిగా నాకు మీ అందరి వాదనా కలిసొస్తోంది. డేవిడ్ హ్యూమ్ 1748లోనే రాశాడు, ఒక మతం మహిమ ఇంకో మతాన్ని కొట్టేస్తుంది, దాని మహిమ దీన్ని కొట్టేస్తుంది, చివరికి సాక్ష్యాలన్నీ ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయని. ఇంకో సంగతి, మన జిల్లాల్లో మతం మారింది సత్యం తేల్చుకునా? 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వే పని ఇచ్చింది ఎవరు, ఆ తర్వాత గుండ్లకమ్మ ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకుంది ఎవరు? లెక్క చూస్తే తెలీడం లా?

గుండ్లకమ్మ:
లెక్కే చూద్దాం సార్. కాలవలో మూడున్నర మైళ్ల కాంట్రాక్టు తీసుకుంది ఒంగోలు మిషనరీ జె.ఇ. క్లౌ. నిజమే. పని దగ్గర బోధకులు మాట్లాడారు, అదీ నిజమే. కానీ కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మం ఇవ్వడానికి ఆయన ఒప్పుకోలేదు. సాయం ఆగాకే 1878లో మొదలుపెట్టాడు. జులై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది. "ఒక్కరోజులో అంతమందా, అబద్ధం" అంటారు గదా. బోధకులు ఆరుగురు, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలిసినప్పుడు మార్చుకుంటూ చేశారు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా, మళ్లీ రెండు నుంచి అయిదు దాకా. ఎనిమిది గంటలు, ఇద్దరిద్దరు. మనిషికి అరనిమిషం లోపు పడుతుంది, సాధ్యమే.

పోతే యర్రగుంట్ల పేరయ్య బాప్తిస్మం తీసుకుంది 1866లో, అంటే కరువుకి పదేళ్ల ముందు. మాదిగ కులంలో పుట్టి, అంతకుముందే యోగ మార్గంలో గురువుల వెంట తిరిగిన మనిషి. ఆయన వెతికింది కూలి కాదు.

ఇంకొకటి. ఎందుకు నమ్మారు అన్నదాంతో నమ్మింది నిజమా అబద్ధమా అన్నది తేలదు. కూడు కోసం నమ్మినా నిజం నిజమే, ఆకలితో చచ్చేంత దీక్షతో నమ్మినా అబద్ధం అబద్ధమే.

చందవరం:
ఆ చివరి ముక్క ఒప్పుకుంటా. కానీ తలకాయల లెక్క మాత్రం ఎవరూ తేవద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. సిక్కుల్ని 1956లో చేర్చారు, బౌద్ధుల్ని 1990లో. క్రైస్తవుల్ని చేర్చలేదు, మన రాష్ట్రంలో ఎస్సీ నుంచి క్రైస్తవంలోకి వెళ్తే బీసీ-సీ. అందుకే ఆదివారం మందిరానికి వెళ్లే మనిషి కాగితంలో హిందువుగా ఉంటాడు. ఆ కాగితం పట్టుకుని "ఇంతమంది మా దారి ఒప్పుకున్నారు" అని రెండు వైపులా చెప్పుకోవడం దండగ.

రంగనాయకులపేట:
నా మీద పడ్డదానికి జవాబు. 9.23లో అవిధి అంటే అజ్ఞానం అన్నారు శంకరులు. అజ్ఞానంతో చేసినా పూజ నాకే చేరుతుందన్న ముక్క అట్లానే ఉంది, దాన్ని మీరు కొట్టేయలేరు. "హిందూ మతం అన్ని దార్లూ ఒకటే అంటుంది" అని ఎవరైనా అంటే మాత్రం నేనూ ఒప్పుకోను. అది అద్వైతులు కొందరు చెప్పే మాట. రామానుజులు అద్వైతాన్నే ఖండించారు. మధ్వాచార్యులైతే జీవుల్ని మూడు తరగతులు చేశారు, ముక్తికి అర్హులు, ఎప్పటికీ సంసారంలో తిరిగేవాళ్లు, అంధతమసానికి (చీకటి నరకానికి) పోయేవాళ్లు. మూడో తరగతికి ఎన్ని జన్మలెత్తినా ముక్తి లేదు. ఇంత కఠినమైన మాట మన దగ్గరా ఉంది, ఉడుపి మఠాల్లో ఇప్పటికీ పాఠం చెప్తారు.

మూలాపేట:
ఇప్పుడు దారిలో పడింది. రెండు చేర్పులు.

యూదుల పద్ధతి ఎవరూ తేలేదు. మా ధర్మం నిజం అంటారు, కానీ మీరంతా రండి అనరు. బయటివాళ్లకి నోవహు సంతతికి ఇచ్చిన ఏడు ఆజ్ఞలు చాలు: విగ్రహారాధన, దైవదూషణ, హత్య, దొంగతనం, అక్రమ సంబంధాలు, బతికున్న జంతువు మాంసం కోసి తినడం కూడదు, న్యాయస్థానాలు పెట్టుకోవాలి. మనకి మొదటి ఆజ్ఞ దగ్గరే చిక్కు వస్తుందనుకోండి, అది వేరే సంగతి. క్రైస్తవంలోనూ అందరూ గుండ్లకమ్మ గారి బాప్టిస్టుల్లాగా చెప్పరు. 1965 అక్టోబరు 28న కేథలిక్కుల రెండో వాటికన్ సభ, ఇతర మతాల్లో సత్యమైందీ పవిత్రమైందీ దేన్నీ తోసిపుచ్చం అని ప్రకటించింది. సువార్త తెలియక, మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతికేవాళ్లు రక్షణ పొందగలరని అంతకుముందు ఏడాదే చెప్పింది. అయినా ఆ రక్షణ క్రీస్తు వల్లే అంటుంది.

రెండోది, పోలిక ఎట్లా చెయ్యాలో. కాగితం మీద ఒక్కో మతానికి నాలుగు గడులు గీయండి. మనిషి రోగం ఏంది, దేన్ని బాగవడం అంటారు, మందేంది, ఆ మందు పనిచేస్తుందని చెప్పేదెవరు. బౌద్ధానికి దుఃఖం, నిర్వాణం, అష్టాంగ మార్గం. క్రైస్తవానికి పాపం, రక్షణ, క్రీస్తు మీద విశ్వాసం. అద్వైతానికి అవిద్య, మోక్షం, జ్ఞానం. ఇస్లాంకి పాపం పుట్టుకతో రాదు, మరుపు, అహంకారం రోగం. ఇక్కడ జనం తప్పు చేసేది ఎక్కడంటే, తమ మతం గడులు ఖాళీ చేసి అందులో ఎదుటి మతాన్ని కుక్కుతారు. "బౌద్ధంలో దేవుడెవరు?", "ఇస్లాంలో మోక్షం ఎట్లా?" అని అడుగుతారు. జవాబు రాకపోతే ఆ మతంలో లోపమంటారు. దయ, దానం, అబద్ధమాడకపోవడం లాంటివి నాలుగో గడి పక్కన రాస్తే అన్ని మతాలూ దగ్గరగానే కనపడతాయి. మొదటి గడిలోనే తేడా వస్తుంది.

దర్శి:
మంచి పట్టికే. కానీ నాలుగో గడిలో "చెప్పేదెవరు" అని పెట్టారు, "ఎట్లా తెలుసుకోవాలి" అని పెట్టండి. అప్పుడు అన్ని గడులూ ఖాళీగా మిగుల్తాయి. శిలువ సంగతి ఒక్కటి తీసుకోండి, ఇద్దరూ ఎదురెదురుగా ఉన్నారు గదా.

గుండ్లకమ్మ:
ఖాళీ ఏం కాదు. నాలుగు సువార్తలు, పౌలు పత్రికలు పక్కనబెట్టినా రోమా చరిత్రకారుడు టాసిటస్ ఉన్నాడు. క్రైస్తవుడు కాదు, క్రైస్తవులంటే పడేది కూడా కాదు. రెండో శతాబ్దం మొదట్లో, తిబెరి కాలంలో పిలాతు చేత క్రీస్తు మరణశిక్ష పొందాడని రాశాడు. భాయ్, దీనికేమంటారు?

కోటమిట్ట:
టాసిటస్ రాసింది జనానికి కనపడింది, లేదా విన్నది. 4:157లో ఉన్న మాటే "వాళ్లకి అలా అనిపించేట్టు చేయబడింది" అని. ఇంకొకరిని ఆయన పోలికలో చూపించారని వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది వివరణ. కాబట్టి శిలువ మీద ఒక మనిషిని చూశామని వందమంది సాక్ష్యం చెప్పినా ఆ వచనాన్ని తాకదు.

గుండ్లకమ్మ:
అంటే ఏ సాక్ష్యంతోనూ తప్పని చూపించలేని మాట అన్నమాట. అది బలం అనుకుంటున్నారా?

కోటమిట్ట:
దాన్ని చరిత్రతో నిరూపిస్తామని మేం అన్లేదు గదా. ఖురాన్ దైవవాక్కా కాదా అన్న దగ్గర మా వాళ్లు మొదలుపెట్టి శిలువ దగ్గరికి వస్తారు. మీరు సమాధి ఖాళీగా ఉందన్న దగ్గర మొదలుపెట్టి గ్రంథం దగ్గరికి వస్తారు. దర్శి సార్ అడిగిన గడిలో మీరూ నేనూ రాసేది వేరే వేరే, అందుకే ఒకరి పేపరు ఒకరు దిద్దలేకపోతున్నాం. ఖురాన్ 2:23లో ఇలాంటి ఒక్క అధ్యాయం తెచ్చి చూపించండి అన్న సవాలు ఉంది. నన్ను పరీక్షించాలంటే అక్కడికి రండి.