గెలాక్సీని ‘నక్షత్ర మండలం’ అనవచ్చా?

మాది చీమకుర్తి. మా ఊళ్లో గెలాక్సీ అంటే రాయి. పాలిష్ పట్టిన స్లాబ్ మీద తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే నల్లటి రాతిలో బంగారు చుక్కలు మిలమిలలాడతాయి. అందుకే దానికి బ్లాక్ గెలాక్సీ అని పేరు.

హైస్కూలు పిల్లల కోసం గురుత్వ కటకాల మీద, అంటే గురుత్వంతో వెలుగును వంచి కటకంలా పనిచేసే వాటి మీద, ఒక వ్యాసం రాస్తున్నాను. గెలాక్సీ అని రావాల్సిన చోట ‘నక్షత్ర మండలం’ అని రాయడానికి మనసొప్పలేదు. ఆ మాట రాశులకూ వాడతాం, అదొక చిక్కు. అసలు చిక్కు వేరే ఉంది: గెలాక్సీ అంటే నక్షత్రాలొక్కటే కాదు. ఆ సంగతి గురుత్వ కటకాలే చెబుతాయి.

1979లో ఒకే క్వేజార్ (ఎంతో దూరాన విపరీతంగా వెలిగే గెలాక్సీ నడిబొడ్డు) ఆకాశంలో రెండుగా కనిపించింది. రెండిటి మధ్య ఎడం దాదాపు 6 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్ సెకను). దారిలో ఉన్న ఒక గెలాక్సీ తన గురుత్వంతో ఆ వెలుగును వంచింది. గెలాక్సీలు ఇలా కటకాల్లా పనిచేస్తాయని ఖగోళ శాస్త్రవేత్త జ్విక్కీ 1937లోనే రాశాడు. వెనకున్నదీ ముందున్నదీ సరిగ్గా ఒకే వరసలో పడితే వెలుగు వలయమవుతుంది. వలయం ఎంత పెద్దదో, ఆ రెండూ ఎంతెంత దూరంలో ఉన్నాయో తెలిస్తే వలయం లోపలున్న మొత్తం ద్రవ్యరాశి లెక్కకొస్తుంది. మెరిసేదైనా, మెరవనిదైనా సరే. అందులోంచి నక్షత్రాల, వాయువుల వాటా తీసేస్తే మిగిలేది కంటికి కనపడని కృష్ణ పదార్థం. వలయానికి బయట ఎంతుందో చూడాలంటే వెనకున్న వేలాది గెలాక్సీల ఆకారాలు కొద్దికొద్దిగా ఎటు సాగాయో సగటు కడతారు. నక్షత్రాలు పలచబడిపోయిన చోట కూడా ద్రవ్యరాశి ఇంకా చాలా దూరం పరుచుకుని ఉందని అలాగే తేలింది.

లారీ కాటా ఎక్కితే తూగేది నల్లరాయి కూడా కదా, చుక్కలొక్కటే కాదు. అలాంటప్పుడు చుక్కల పేరు పెట్టి మొత్తాన్ని పిలవడం ఏం న్యాయం?

ఒంగోలు సభ్యురాలు: పాలపుంత అనే చక్కటి మాట ఉంది కదండీ?

నేను: అది మన ఒక్క గెలాక్సీ పేరమ్మా. పైగా పుంత అంటే గోదావరి వైపు బండ్లదారి. మన వైపు దాన్ని డొంక అంటాం. అయినా పాలపుంతను పాలడొంక చేయమని నేనడగను, ఆ పేరు అందరికీ నోట్లో నానింది.

నెల్లూరు ఫిజిక్స్ మాస్టారు: కటకం అన్న మాట మాత్రం వదలకండి సార్. నిఘంటువు తీస్తే కటకమంటే కడియం అని కూడా ఉంటుంది. ఆ వెలుగు వలయాన్ని చూస్తే నాకు ముందు గుర్తొచ్చేది అదే. కొందరు ‘ఆకాశంలో భూతద్దం’ అని రాస్తున్నారు, అది పిల్లల్ని తప్పుదారి పట్టిస్తుంది. భూతద్దంలో అంచు వైపు పడ్డ కిరణం ఎక్కువ వంగుతుంది, అందుకే అన్నీ ఒక బిందువు దగ్గర కలుస్తాయి. గెలాక్సీ దగ్గర అలా కాదు. దూరంగా పోయేకొద్దీ వంపు పెరుగుతూ పోదు, బాగా దూరమైతే తగ్గిపోతుంది. అందుకే బొమ్మ రెండుగానో నాలుగుగానో విడిపోతుంది, లేదంటే వలయమవుతుంది.

నేను: చాలా మంచి మాట చెప్పారు మాస్టారూ. కడియం సంగతి వ్యాసంలో పెడుతున్నాను. గెలాక్సీని గెలాక్సీగానే ఉంచేస్తాను, మా క్వారీల్లో అందరూ అనే మాటే. ‘ద్రవ్యరాశి పంపిణీ’ అని ఉన్న చోట్లు కూడా మార్చాను. పంపిణీ అంటే రేషన్ బియ్యం గుర్తొస్తాయి, విభాజనం అంటే లెక్కల పుస్తకం. ‘ద్రవ్యరాశి ఎక్కడెంత ఉంది’ అని రాశాను. పదో తరగతి చదివే మా మేనకోడలికి చదివి వినిపిస్తే మధ్యలో ఎక్కడా ఆపి అర్థం అడగలేదు.