గతుకుల రోడ్డుకు స్పోర్ట్స్ కారు: కాయిలోవర్లు వేయించాలా, మామూలు ఎత్తు షాకులు చాలా?

నాపరాయి (అనంతపురం)
సెకండ్ హ్యాండ్‌లో రెండు డోర్ల స్పోర్ట్స్ కారు కొన్నాను. 2016 మోడల్, టైర్లు 245/40 ఆర్18. ఇల్లు అనంతపురం, బండల పాలిష్ ఫ్యాక్టరీ తాడిపత్రిలో. రోజూ రానూపోనూ 100 కిలోమీటర్లకు పైనే. లోడు లారీలు తిరిగే రోడ్డు ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు. సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. ఊళ్లలో స్పీడ్ బ్రేకర్ వస్తే బండిని ఏటవాలుగా ఎక్కించి దించాలి, వెనక ఆటోవాళ్ల హారన్లు. కాయిలోవర్లు (షాక్ అబ్జార్బర్, దాని చుట్టూ స్ప్రింగు కలిపి వచ్చే, ఎత్తు మార్చుకునే సెట్లు) వేస్తే ఎత్తు మనకు కావలసినట్టు పెట్టుకోవచ్చు, కుదుపులూ తగ్గుతాయి అని బెంగళూరులో ఒక షాపువాళ్లు అంటున్నారు. నిజమేనా? బండి అమ్మేయమని మాత్రం చెప్పొద్దు, ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నా.

ఘాట్ పిచ్చోడు (కడప)
వేయించు అన్నా. నేను రెండేళ్ల కిందట వేయించా. గువ్వలచెరువు ఘాట్‌లో అంతకుముందు మలుపు మలుపుకీ బండి ఒరిగేది. ఇప్పుడు స్టీరింగ్ ఎంత తిప్పితే అంతే. మెత్తటి సెట్టింగ్‌లో పెడితే రాయచోటి దాకా ఇబ్బందే లేదు. కిందికే దించాలని రూలేం లేదు కదా, పైకి కూడా లేపుకోవచ్చు.

పాత పానా (కర్నూలు)
అబ్బీ, నీది ఆదివారం పాలకోవా కోసం ఘాట్ ఎక్కే బండి. ఆయనది రోజూ పనికి పోయే బండి. రెండింటికీ ఒకటే మందు వేస్తే ఎట్లా?

లేపడం గురించి చెప్తా. చాలా కిట్లలో ఎత్తు పెంచాలంటే కింది రింగు తిప్పి స్ప్రింగును నొక్కిపట్టాలి. అప్పుడు చక్రం గుంతలోకి దిగడానికి ఉన్న చోటు తగ్గిపోతుంది. దిగలేని చక్రం గుంత అవతలి అంచుకు ధడేల్‌మని కొట్టుకుంటుంది. ఎత్తుకు వేరుగా, స్ప్రింగుకు వేరుగా రింగులుండే కిట్లూ ఉన్నాయి, వాటి ధర వేరే కథ. పైగా ఆ మరల మీద మీ పాలిష్ పొడి, వానాకాలం బురద చేరి గట్టిపడితే రింగు కదలను కూడా కదలదు. ఏడాది తర్వాత అది ‘అడ్జస్టబుల్’ అని బిల్లు మీదే ఉంటుంది.

దించితే ఇంకా కష్టం. 30 మిల్లీమీటర్లు దించావంటే షాకు నలగడానికి ఉన్న దూరంలో ఆ మేరకు పోయినట్టే. ప్రతి గుంతకీ బంప్ స్టాపర్ (షాకు చివరిదాకా నలగకుండా ఆపే దిమ్మ) మీద కూర్చుంటుంది.

స్ప్రింగు కంపెనీదే ఉంచి, అదే ఎత్తుకు మంచి మోనోట్యూబ్ (ఒకే గొట్టం ఉండే) గ్యాస్ షాకులు వేయించుకో సామీ. బిల్‌స్టీన్ బీ6 లాంటివి. ఇందులో గ్యాసు, నూనె మధ్య పిస్టన్ అడ్డం ఉంటుంది కాబట్టి, ఎడతెగని గతుకుల్లో కూడా నూనె నురగెత్తదు, వేడీ త్వరగా బయటికి పోతుంది. ఊరు దాటి అరగంట పోయాక బండి మరీ ఊగుతోందంటే పాత షాకుల్లో ఆ నురగ వస్తోందేమో అనుమానించాలి. దానికంటే ముందు బండిని లిఫ్ట్ ఎక్కించి బుష్షులు (చక్రాల ఆర్మ్‌ల కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు) చూడు.

ఎన్‌హెచ్44
ముందు టైర్లు చూడండి. 245/40 అంటే టైరు వెడల్పు 245 మిల్లీమీటర్లు, అందులో 40 శాతం, అంటే రిమ్ముకీ రోడ్డుకీ మధ్య 98 మిల్లీమీటర్ల రబ్బరు. అదే 17 అంగుళాల రిమ్ముకు మారి 245/45 వేస్తే 110. చక్రం మొత్తం ఎత్తులో తేడా ఒక మిల్లీమీటరే, కాబట్టి స్పీడోమీటర్ తేడా పట్టించుకోనక్కర్లేదు. బ్రేక్ క్యాలిపర్‌కు తగలకుండా రిమ్ము పడుతుందో లేదో ఒకసారి పెట్టి చూసుకోవాలి, అంతే. గాలి కూడా డోర్ మీది స్టిక్కర్‌లో ఉన్నంతే పెట్టించండి. బంకు కుర్రాడు అన్ని బండ్లకూ ఒకటే కొడతాడు.

స్పీడ్ బ్రేకర్ల మాటకొస్తే, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం వాటి వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు. మన ఊళ్లలో వేసేవి స్పీడ్ బ్రేకర్లు కావు, గట్లు.

నల్లకోటు
ఇన్సూరెన్స్ సంగతి ఎవరూ ఎత్తలేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చూసుకోండి. కంపెనీ ఇచ్చిన వివరాలకు విరుద్ధంగా బండి మారిస్తే కుదరదు. ఎత్తు మార్చి, రేపు యాక్సిడెంట్ అయితే సర్వేయర్‌తో వాదన మీదే. 17 అంగుళాల రిమ్ము ఆ మోడల్‌కు కంపెనీయే ఇచ్చి ఉంటే గొడవే లేదు.

ఘాట్ పిచ్చోడు (కడప)
ఇట్ల భయపడితే స్పోర్ట్స్ కారు ఎందుకు కొనాలి? రబ్బరు లావైతే మలుపులో టైరు మెలికపడుతుంది. ఆ బండి అందమంతా స్టీరింగ్‌లోనే ఉంది కదా.

పాత పానా (కర్నూలు)
నిజమే, కొంచెం మెత్తబడుతుంది. ఆ మాటకు నేను ఒప్పుకుంటా. కానీ తాడిపత్రి దారిలో మలుపులకంటే గుంతలే ఎక్కువ.

నాపరాయి (అనంతపురం)
లిఫ్ట్ ఎక్కించా. వెనక ఎడమ షాకు నుంచి నూనె కారుతోంది, ముందు లోయర్ ఆర్మ్ బుష్షు చీలింది. ఇన్నాళ్లూ నేను తిట్టుకున్నది పాడైన సామాన్లనన్నమాట. బుష్షులు రబ్బరువే వేయిస్తున్నా, పాలీయూరితేన్ అయితే శబ్దం, అదురు ఎక్కువంటున్నారు. మామూలు ఎత్తు షాకులు నాలుగూ ఆర్డర్ పెట్టా. ఇప్పుడున్న టైర్లు అరిగాక 17 అంగుళాల సంగతి చూద్దాం.

తమ్ముడూ, ఆదివారం నీ బండి తీసుకురా. బుక్కరాయసముద్రం దాటాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తాడిపత్రి దాకా తోలు, అప్పుడు మాట్లాడుకుందాం.

ఘాట్ పిచ్చోడు (కడప)
ఆ రోడ్డు మీద నా బండా? పాలకోవా తెస్తా అన్నా, నీ బండిలో పోదాం.