ట్రాక్టర్‌కి నీళ్ల బ్యాటరీనా, మెయింటెనెన్స్ ఫ్రీనా?

కొత్తసాలు:
45 హెచ్‌పీ బండి. పొద్దున్నే సెల్ఫ్ కొడితే టక్ టక్ అని ఊరుకుంటోంది. బ్యాటరీ మార్చాలనుకుంటున్నా. ఇప్పుడున్నది 12 వోల్టులది, నీళ్లు పోసే రకం. ఈసారి మెయింటెనెన్స్ ఫ్రీ తీసుకోమని కొందరంటున్నారు. సీజన్ అయ్యాక బండి నెలల తరబడి షెడ్డులోనే ఉంటుంది. ఏది తీసుకోమంటారు?

గ్రీజుచేతులు:
నీళ్లదే తమ్ముడూ, రెండో మాట లేదు. మూత తీస్తే లోపల సంగతి కంటికి కనిపిస్తుంది. నీళ్లు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోస్తాం. యాసిడ్ చిక్కదనం చూపే హైడ్రోమీటర్ పెడితే ఆరు సెల్స్‌లో ఏది పోయిందో తెలిసిపోతుంది. ఫుల్ ఛార్జ్ మీద 1.265 నుంచి 1.28 దాకా చూపించాలి. ఐదు బాగుండి ఒకటి 1.15 దగ్గరే ఆగిందంటే ఆ సెల్ అయిపోయినట్టే. సీలు వేసినదాంట్లో ఏం చూస్తావు? పైన ఆ పచ్చ చుక్కా? అది చెప్పేది ఒక్క సెల్ సంగతే.

నిశ్చింత:
మూత తీస్తే కనిపిస్తుంది, సరే. తీసేదెవరు? నా పాత నీళ్ల బ్యాటరీ యాసిడ్ కారి కింద ట్రేకి చిల్లు పడింది. వారంటీ అడిగితే "నీళ్లు ఎండబెట్టారు, మీదే తప్పు" అన్నాడు షాపువాడు. ఆ రోజు నుంచి మెయింటెనెన్స్ ఫ్రీయే వాడుతున్నా. దాని ప్లేట్లలో కాల్షియం కలుపుతారు కాబట్టి నీళ్లు చాలా తక్కువ ఖర్చవుతాయి, ఊరికే ఉన్నా ఛార్జ్ అంత తొందరగా దిగదు. షెడ్డులో ఉండే బండికి ఇంకేం కావాలి?

డీజిల్‌పొగ:
లిథియం పెట్టేయండి, గొడవే ఉండదు.

వోల్టు_లెక్క:
ఉంటుందన్నా. సున్నా డిగ్రీల కింద లిథియం ఛార్జ్ ఎక్కించుకోకూడదు. డీజిల్ ఇంజన్ సెల్ఫ్ లాగే వందల ఆంపియర్లకు చాలావాటిలో సర్క్యూటే కట్ అవుతుంది.
కొత్తసాలు గారూ, కొనేముందు మల్టీమీటర్ పెట్టండి. బండి ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 ఉంటే సగం, 12 కంటే తక్కువైతే దాదాపు ఖాళీ. తర్వాత ఇంజన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.4 దాకా రావాలి. ఏ రకమైనా సరే, సీసీఏ పాతదానికంటే తగ్గనివ్వకండి. మైనస్ 18 డిగ్రీల చలిలో 30 సెకన్ల పాటు, వోల్టేజీ 7.2 కంటే పడకుండా ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో చెప్పే అంకె అది. ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ కెపాసిటీ) ఎక్కువైతే సెల్ఫ్ కాలిపోతుందన్న మాట నమ్మకండి. సెల్ఫ్ తనకు కావలసినంతే లాగుతుంది.

గ్రీజుచేతులు:
మీటర్ సంగతి తర్వాత. పాత బండ్లలో ఛార్జింగ్ వోల్టేజీని అదుపు చేసే కటౌట్ చెడిపోయి 15 వోల్టులు దాటి ఎక్కుతుంది. నీళ్లు మరిగిపోతాయి. మూత ఉంటే మళ్లీ పోసుకుంటాం. సీలుదైతే ఎక్కడ పోస్తావు?

నిశ్చింత:
కటౌట్ చెడితే కటౌట్ బాగు చేయించాలి, దానికోసం నీళ్లు మోసే బ్యాటరీ కొనడమేంటి? మీ మెకానిక్‌లకు అదంటే ఎందుకంత ప్రేమో నాకు తెలుసు. బండి మీ గడప తొక్కుతూనే ఉండాలి.

గ్రీజుచేతులు:
నీళ్లు పోయడానికి మెకానిక్ దగ్గరికి ఎవడొస్తాడయ్యా? నడిపేవాడే పోసుకుంటాడు. ఒక్కటి అడుగుతా చెప్పు. నీ బండి నువ్వు నడుపుతావా?

నిశ్చింత:
నడపను. డ్రైవర్ ఉన్నాడు. అయితే? లైట్లు వేసి రాత్రంతా వదిలేశాడు. బ్యాటరీ చచ్చింది. జీతంలో కోశాను. ఎవరైనా అదే చేస్తారు.

డీజిల్‌పొగ:
బ్యాటరీ పోయి జీతం వచ్చె ఢాం ఢాం ఢాం 😄

గ్రీజుచేతులు:
నవ్వకు. నేను షెడ్డు పెట్టకముందు డ్రైవర్‌నే. డిస్టిల్డ్ వాటర్ కొనివ్వమని అడిగితే ఓనర్ కొనివ్వలేదు, బోరు నీళ్లు పోయమన్నాడు. అందులోని ఉప్పులకు ప్లేట్లు పాడయ్యాయి. కోత మాత్రం నా జీతంలో. మీరు సీలు బ్యాటరీ కొనేది అది మంచిదని కాదు, బండి మీద కూర్చునేవాడి మీద నమ్మకం లేక.

నిశ్చింత:
అవును, నమ్మకం లేదు. నా డబ్బు, నా బండి. పొద్దున బండి కదలకపోతే రోజు పోయేది నాకు. మీకు జరిగింది అన్యాయమే అనుకోండి, దానికి నేను నీళ్ల బ్యాటరీ మోయాలా?

వోల్టు_లెక్క:
ఇద్దరి బండ్లూ వదిలేసి అడిగినాయన బండి చూద్దామా? ఏది కొన్నా క్లాంపు బిగుతుగా ఉండాలి. రోటవేటర్ కుదుపులకు లోపలి ప్లేట్లు రాలిపోతాయి. షెడ్డులో పెట్టేటప్పుడు నెగెటివ్ వైరు తీసేసి, అప్పుడప్పుడు ఛార్జర్ మీద పెట్టాలి. ఛార్జ్ దిగిపోయి అలాగే పడి ఉంటే ప్లేట్లకు సల్ఫేట్ పట్టేస్తుంది. అందులో రెండు రకాలకీ తేడా లేదు.

కొత్తసాలు:
మా బండీ డ్రైవరే నడుపుతాడు. బ్యాటరీ పోయిందన్నదీ ఆయనే, నేను చూడలేదు. ఇప్పుడే మీటర్ పెట్టించా. ఆగినప్పుడు 12.1. ఇంజన్ నడుస్తున్నా 12.3 దాటట్లేదు, రేజ్ చేసినా అంతే.

వోల్టు_లెక్క:
ఛార్జ్ ఎక్కడం లేదు. బెల్టు వదులుగా ఉందేమో, ఆల్టర్నేటర్ వెనక వైరు ఊడిందేమో చూడండి. ముందు అది తేల్చి, బ్యాటరీని బయట ఛార్జ్ చేయించి చూడండి. కొత్తది పెట్టినా ఇప్పుడు ఇలాగే దిగిపోతుంది.

గ్రీజుచేతులు:
బెల్టు వేలితో నొక్కి చూడు తమ్ముడూ. బాగా లోపలికి పోతే అదే. మీ డ్రైవర్‌ని ఏమీ అనకు.

నిశ్చింత:
బెల్టు వదులైతే చూసుకోవాల్సింది ఎవరో?