ఎయిర్‌ఫోర్స్ మెట్ (వాతావరణ విభాగం) నుంచి బయటకొస్తే ఏం పని?

ప్రశ్న: 20 ఏళ్లు మెట్ అసిస్టెంట్‌ని, మార్చిలో రిటైర్మెంట్. గాలి కొలిచే పైలట్ బెలూన్ వదిలి, అది ఎటు పోతుందో చూడ్డానికి థియోడలైట్‌లో కన్ను పెట్టడం, మెటార్ (విమానాశ్రయ వాతావరణ రిపోర్టు) రాయడం తప్ప ఇంకేం రాదు, రెజ్యూమే అంటేనే టెన్షన్. వాతావరణ శాఖలో తీసుకుంటారా?

జవాబు: 2022లో ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) ద్వారా 990 సైంటిఫిక్ అసిస్టెంట్ పోస్టులు పడ్డాయి తమ్ముడూ, కానీ ఫిజిక్స్ లేదా కంప్యూటర్స్‌తో డిగ్రీ, లేదంటే ఎలక్ట్రానిక్స్ డిప్లొమా అడిగారు. నీకేముంది?

జవాబు: ప్రభుత్వ ఉద్యోగమే ఎందుకండీ? అనంతపురం వైపు గాలిమరలు చూశారుగా, ఆ ప్లాంట్లు 15 నిమిషాలకో బ్లాకు చొప్పున రోజుకు 96 బ్లాకుల ఉత్పత్తి అంచనా ముందే ఇవ్వాలి, బాగా తప్పితే డబ్బు కట్టాలి. గాలి చదివేవాళ్లు అక్కడ కావాలి. ఆ అంచనాలు కంప్యూటర్లో వేయడానికి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మాత్రం నేర్చుకోండి, తప్పదు.

ప్రశ్న వేసినవారు: డిగ్రీ బీఏ అన్నా 😅 పైథాన్ ఈ రాత్రే మొదలు.