రేణిగుంట పక్క పల్లెలో రాత్రిపూట పొగ: గాలిని ఎవరితో కొలిపించాలి?

అందరికీ నమస్కారం. రేణిగుంటకు దగ్గర్లో ఒక పల్లె మాది. చుట్టూ ఫ్యాక్టరీలు పెరిగినాయి, మా ఊరి పిల్లోళ్లకు పనులూ దొరికినాయి. వాటిని మూసేయమని నేను అడగడం లేదు. ఒక ఫ్యాక్టరీ నుంచి మాత్రం పొద్దుగూకినాక ఘాటైన పొగ వస్తోంది. చలికాలం అది పైకి లేవక పల్లె మీదే నిలిచిపోతుంది. తెల్లారేసరికి మిద్దె మీద ఆరేసిన గుడ్డలకు నల్లటి నుసి. మా అవ్వకు ఆయాసం, ఆరేళ్ల పాపకు పిల్లికూతలు. డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌ను స్పేసర్ అనే గొట్టం తగిలించి వాడుతున్నాం.

నాకు ముఖ్యంగా కావాల్సింది కొలత గురించి. గాలి నాణ్యత చూపే సమీర్ యాప్‌లో తిరుమల కొలత స్టేషన్ అంకెలు చాలా రోజులు బాగానే ఉంటాయి. అది కొండ మీది గాలి, కింద మేం పీల్చేది వేరు. పీఎం 2.5 అనే చాలా సన్నటి ధూళి 24 గంటల సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో 15 దాటకూడదనింది. సగటు అంటేనే నాకు భయం. రాత్రి రెండు మూడు గంటలు దట్టంగా వదిలి పగలంతా ఆపితే, ఆ సగటులో మా బాధ కనబడుతుందా?

కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు రాత్రిపూట వచ్చి కొలవాలంటే అర్జీలో ఏం రాయాలి? పంచాయతీ తీర్మానం జతచేస్తే బలం ఉంటుందా? చిన్న సెన్సర్ కొని మేమే అంకెలు రాసిపెట్టుకుంటే అధికారులు లెక్కలోకి తీసుకుంటారా? ఇంకొకటి, గుడ్డ మాస్కు సన్నటి ధూళిని ఆపదు, పెద్దల ఎన్95 పాప ముఖానికి అతకదు. పిల్లల సైజు తిరుపతిలో ఎక్కడ దొరుకుతుంది?

ఇట్లాంటి అర్జీ పెట్టి పని జరిపించుకున్న అన్నలు, అక్కలు ఎవరైనా ఉంటే, ముందు ఏ ఆఫీసుకు పోయినారో దయచేసి రాయండి.