ఒకే లాయం నుంచి రెండు గుర్రాలు: మా ఫిల్లీకి అన్యాయం జరిగినట్టేనా?

పావువాటా: నమస్కారమండీ. మేము నలుగురు స్నేహితులం కలిసి మూడేళ్ల ఫిల్లీని (వయసులో ఉన్న ఆడ గుర్రాన్ని) కొన్నాం. నాది పావు వాటా. మొన్న మలక్‌పేటలో 1200 మీటర్ల హాండికాప్‌లో (గుర్రం సత్తాను బట్టి బరువు మోయించే పందెంలో) పరుగెత్తింది. రేసు కార్డు చేతికొచ్చాక తెలిసింది, అదే పందెంలో మా ట్రైనరు దగ్గరే పెరిగే ఇంకొకరి గుర్రం కూడా ఉందని. లాయానికి ఎప్పుడూ స్వారీ చేసే పెద్ద జాకీ ఆ గుర్రం మీద, మా దాని మీద ఇంకా స్వారీ నేర్చుకుంటున్న అప్రెంటిస్ కుర్రాడు. చివరి ఫర్లాంగులో (సుమారు 200 మీటర్లు) మా ఫిల్లీ లోపలి కంచె పక్కన ఆ గుర్రం వెనకే ఇరుక్కుపోయింది. దారి దొరికేసరికి ఆలస్యమైంది. మెడ పొడవు తేడాతో రెండో స్థానం. గెలిచింది ఆ గుర్రమే. ట్రైనరు గారిని అడిగితే “రెండూ నా పిల్లలే కదండీ” అని నవ్వేశారు. ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. ఇలా రెండింటిని దింపడం నిబంధనలకు లోబడినదేనా? ఫిర్యాదు చేయాలా, లాయం మార్చాలా?

గ్యాలరీ మెట్లు: ఇందులో అడగడానికేముంది? ఏది గెలవాలో ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చి ఉంటారు. నేను ముప్ఫయి ఏళ్లుగా చూస్తున్నాను. ఒకే లాయం నుంచి రెండు వస్తే నా డబ్బు జేబు దాటదు.

పాత లాయం మనిషి: గ్యాలరీ మెట్లు గారూ, మీ జేబు మీ ఇష్టం, కానీ పాపం ఆయన మనసులో పురుగు వదలకండి. పందేలు మౌలాలి నుంచి మలక్‌పేటకు మారిన 1886 నాడు కూడా ఎవరో ఒకరు ఇదే మాట అని ఉంటారు. నేను ఒక ట్రైనరు దగ్గర సహాయకుడిగా పందొమ్మిదేళ్లు పనిచేశాను. తెలిసింది చెబుతాను.

రెండు గుర్రాలను దింపడం తప్పు కాదు. యజమానులు వేరు, బిల్లులు వేరు, లాయం మాత్రమే ఒకటి. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, ఒక గుర్రం ఇంకో గుర్రం కోసం పరుగెత్తినప్పుడు. ప్రతి గుర్రమూ తన గెలుపు కోసమే పరుగెత్తాలన్నది ఈ ఆటకు మూలసూత్రం. పూర్వం ఇంగ్లండులో ఒకే యజమాని రెండింటిని దింపితే, ఫలానా దానితో గెలవదలచుకున్నానని ముందే ప్రకటించి రెండోదాన్ని బాహాటంగా ఆపుకునే వీలుండేది. ఇప్పుడు అదే పని చేస్తే శిక్ష.

శిక్ష అంటే కాగితం మీది మాట కాదు. 2008లో ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో జడ్‌మాంట్ ఇంటర్నేషనల్ పందెం జరిగింది. ఐర్లండు ట్రైనరు ఎయిడన్ ఓబ్రయన్ లాయం గుర్రం డ్యూక్ ఆఫ్ మార్మలేడ్ గెలిచింది. ముందుండి వేగం పెంచడానికి ఆయనే దింపిన రెడ్ రాక్ కాన్యన్ కంచె వదిలి పక్కకు జరిగింది, తోటి గుర్రానికి లోపలి దారి దొరికింది. ముందు పరుగెత్తి వేగం పెంచడం వరకు తప్పు లేదు, దారి ఇవ్వడమే తప్పన్నారు. ట్రైనరుకు 5,000 పౌండ్ల జరిమానా, జాకీలిద్దరికీ ఏడేసి రోజుల నిషేధం.

మీ విషయంలో జరిగింది దీనికి తలకిందులు. అక్కడ దారి ఇచ్చారు, ఇక్కడ దొరకలేదు. ముందున్న గుర్రం తన వరుసలో తాను సూటిగా పోతుంటే, వెనకవాడికి దారి తీసి ఇవ్వాల్సిన పని దానికి లేదు. ఇంకా మాట్లాడితే, తన లాయం గుర్రమే కదా అని ఆ జాకీ జరిగి ఉంటే అప్పుడు విచారణకు పిలిచేవారు!

పావువాటా: ఇది నాకు తట్టలేదు. మరి జాకీ సంగతి? పెద్దవాడిని వాళ్లకిచ్చి కుర్రాడిని మాకు అంటగట్టడం పక్షపాతం కాదా?

పాత లాయం మనిషి: కావచ్చు, కాకపోవచ్చు. ముందు మీ ఫిల్లీ మోసిన బరువు చూడండి. హాండికాప్‌లో రేటింగు (గుర్రం సత్తాకు ఇచ్చే అంకె) ఎక్కువ ఉన్నదానికి బరువు ఎక్కువ. అప్రెంటిస్ ఎక్కితే ఆ బరువులో కొంత రాయితీ. పొట్టి దూరంలో, చిన్న ఒంటి ఫిల్లీకి ఆ రాయితీ వరమే. బరువు తగ్గించడానికే కుర్రాడిని పెట్టి ఉంటే అది మీకు చేసిన మేలు. పెద్ద జాకీ ఆ గుర్రమే కావాలన్నాక మిగిలినవాడిని మీకు సర్దితే అది వేరే కథ. రెండింటిలో ఏదో ట్రైనరునే అడగాలి.

పెద్ద జాకీ ఎంచుకున్నదే మంచి గుర్రమనీ అనుకోకండి. 2017 ఇంగ్లిషు డెర్బీలో ఓబ్రయన్ ఆరింటిని దింపారు. మొదటి జాకీ రయన్ మూర్ క్లిఫ్స్ ఆఫ్ మోహర్‌ను ఎంచుకుని రెండో స్థానంలో వచ్చాడు. అదే లాయం నుంచి ఎవరూ పట్టించుకోని వింగ్స్ ఆఫ్ ఈగిల్స్ ఒకటికి నలభై ధరతో (రూపాయి కాస్తే నలభై లాభం) గెలిచింది.

టికెట్టు రాజు: పందెం కాసేవాళ్ల బాధ కూడా చూడండి సార్. ఫేవరెట్ (జనం ఎక్కువ డబ్బు కాసిన గుర్రం) ఓడి, అదే లాయం నుంచి ఊరూ పేరూ లేనిది గెలిస్తే మాకెలా ఉంటుంది?

పాత లాయం మనిషి: కడుపు మండుతుంది రాజు గారూ, ఒప్పుకుంటాను. అమెరికాలో దీనికొక ఉపాయం చేశారు. ఒకే యజమాని గుర్రాలను 1, 1ఏ అని జతకట్టి, ఒక్క టికెట్టు మీద రెండూ నడిచేలా పెట్టారు. కానీ అదీ పూర్తి మందు కాదు. 1995 కెంటకీ డెర్బీలో అక్కడి ట్రైనరు వేన్ లూకస్ మూడింటిని దింపాడు. యజమానుల సంబంధం వల్ల టింబర్ కంట్రీ, సెరీనాస్ సాంగ్ జతకట్టి ఫేవరెట్ అయ్యాయి. గెలిచింది వేరే యజమానిదైన థండర్ గల్చ్, ఒకటికి ఇరవై నాలుగు పైన ధరతో. ట్రైనరు ఒక్కడే, టికెట్లు వేరు. మోసం జరిగిందని ఎవరూ నిరూపించలేదు. గుర్రాలకు ధర చదవడం రాదు కదా.

కొత్త సభ్యురాలు: అసలు ట్రైనరు రెండింటిని ఒకే పందెంలో ఎందుకు పెట్టాలి? ఒకదాన్ని వచ్చే వారానికి ఆపుకోవచ్చు కదండీ.

పాత లాయం మనిషి: అమ్మా, ఆపితే ఎవరి గుర్రాన్ని ఆపాలి? ఇద్దరు యజమానులూ నెలనెలా మేత, వైద్యం, నాడాల ఖర్చు కడుతున్నారు. ఒకరి గుర్రాన్ని తోటి గుర్రం కోసం లాయంలో కట్టేస్తే, అసలైన అన్యాయం అదే. పైగా ఒక గుర్రం రేటింగుకు, దూరానికి సరిపడే పందేలు నెలలో ఒకటో రెండో. ఆ రోజుకు దాన్ని సిద్ధం చేయడానికి వారాల ముందు నుంచి కసరత్తు. ఎంట్రీలు ఎక్కువైతే పందేన్ని రెండు డివిజన్లు చేస్తారు, అప్పుడు విడిపోవచ్చు. అది ట్రైనరు చేతిలో లేదు.

మీరు చూడని కష్టం ఇంకొకటి. రెండింటికీ జీను వేయాల్సింది ఆ కొద్ది నిమిషాల్లోనే. ఒకటి చెమట పట్టి తన్నుతుంటే రెండోదాని పొట్టపట్టీ బిగించడానికి చేతులు చాలవు. ఒకసారి మా దగ్గర రెండు గుర్రాల కళ్లగంతలు తారుమారైతే, సైసు (గుర్రాలను చూసుకునే) పెద్దాయన దూరం నుంచే చూసి కేక వేశాడు. లేకపోతే అలాగే పోయేవి. ఇది ఎంత పెద్ద లాయానికైనా తప్పదు. 2020 అక్టోబరులో న్యూమార్కెట్ ఫిల్లీస్ మైల్‌లో ఓబ్రయన్ లాయం వాళ్లు మదర్ ఎర్త్‌ను స్నోఫాల్ అని, స్నోఫాల్‌ను మదర్ ఎర్త్ అని దింపారు. ఒకరి జాకీ ఇంకొకరి గుర్రమెక్కాడు. 4,000 పౌండ్ల జరిమానా పడింది. ఆ స్నోఫాలే మరుసటి ఏడాది ఫిల్లీల పెద్ద పందెం ఓక్స్‌ను 16 గుర్రాల పొడవు తేడాతో గెలిచింది. అంతటి గుర్రాన్నే గుర్తుపట్టలేకపోయారు!

పావువాటా గారూ, ఇప్పుడు మీరు చేయాల్సింది. పందెం వీడియో మళ్లీ చూడండి. పక్క నుంచి తీసింది కాదు, ఎదురుగా తీసింది. మలుపు దగ్గర మీ కుర్రాడు కంచె వైపు తానే వెళ్లాడా, ఎవరైనా నెట్టారా? చివరి ఫర్లాంగులో ముందున్న గుర్రం తల సూటిగా ఉందా, లోపలికి వాలిందా? ఆ జాకీ వెనక్కి తిరిగి చూశాడా? చూసి జరిగాడంటే అది పెద్ద విషయం. గుర్రం అలసి తానే వాలితే వేరు. అడ్డు తగిలిందన్న అభ్యంతరం ఫలితం ఖరారయ్యేలోపే వేయాలి, ఆ గడువు మీకు దాటిపోయింది. కానీ స్టైపెండియరీ స్టీవార్డులకు (పందేల తీరును గమనించే జీతపు అధికారులకు) మీ సందేహం రాసి ఇవ్వడానికి అడ్డేమీ లేదు. వీడియో చూడకుండా మాత్రం రాయకండి.

పావువాటా: రెండు రోజుల తర్వాత వస్తున్నాను. ఎదురు వీడియో అయిదారు సార్లు చూశాను. పెద్ద జాకీ ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. గుర్రం గీత గీసినట్టు పోయింది. మలుపు దగ్గర బయటి నుంచి వెళ్లడానికి మా వాడికి ఒక గుర్రమంత ఖాళీ ఉంది, అయినా వాడే లోపలికి తిప్పాడు. దూరం ఆదా అవుతుందనుకున్నట్టున్నాడు. ట్రైనరు గారితోనూ మాట్లాడాను. ఈసారి నవ్వలేదు. మూడు కిలోల రాయితీ కోసమే కుర్రాడిని పెట్టానన్నారు. మరి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, “నలుగురు యజమానుల్లో ఎవరికి ఫోను చేయాలో తెలియక” అన్నారు.

పాత లాయం మనిషి: అదిగో, తప్పు దొరికింది. అందులో సగం ఆయనది, సగం మీది. ఒకే గుర్రానికి నలుగురు నాలుగు వైపుల నుంచి ఫోను చేస్తే ఏ ట్రైనరైనా ఎవరికీ చెప్పడు. మీలో ఒకరిని మాట్లాడే మనిషిగా పెట్టుకోండి. జాకీ పేరు, అదే లాయం నుంచి ఇంకేదైనా దిగుతోందా అన్నది ఖరారు చేసేముందే మీకు చెప్పాలని అడగండి. నచ్చకపోతే వెనక్కి తీసుకునే సమయం అప్పుడే ఉంటుంది, కార్డు అచ్చయ్యాక కాదు. ఇంత అడిగినా చెప్పకపోతే అప్పుడు లాయం మార్చండి, నేనే నాలుగు పేర్లు చెబుతాను.

పావువాటా: సరేనండీ. ఇంకొక్క మాట. తర్వాతి పందెం 1400 మీటర్లు, మా లాయం నుంచి మాది ఒక్కటే. పెద్ద జాకీ ఖాళీగా ఉన్నాడట. కుర్రాడిని మార్చమందామా?

పాత లాయం మనిషి: నన్నడిగితే వద్దు. ఆ కంచె పక్కన ఇరుక్కున్న సంగతి మీకంటే వాడికే ఎక్కువ గుర్తుంటుంది.